తిరిగే లైటు పీరా భాయ్

ఈ ఉగాది శుక్రవారం పొద్దున కువైట్‌లో ఎగైలా దగ్గర, ఫహాహీల్ రోడ్డు అంచున, షేక్ హుసేన్ పీరా గారు మరణించారు. నేను అక్కడే, ఆయనకు నాలుగు బారల దూరంలో ఉన్నాను. అయినా చాలా రోజుల దాకా నాకు నమ్మకం కుదరలేదు. ఏది పోయినా ఎంత పోయిందో లెక్క కట్టుకుంటే తప్ప నాకు దుఃఖం తెలియదు. అందుకని కూర్చుని లెక్క కట్టాను. యాభై రెండేళ్ల మనిషి పోయాడు. మహబూబ్ బీ గారికి భర్త, ముగ్గురు పిల్లలకు తండ్రి పోయాడు. రాయచోటిలో సగం కట్టి ఆపిన ఇంటికి యజమాని పోయాడు. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, మలయాళం, ఈ నాలుగు భాషల్లోనూ బూతు లేకుండా కోప్పడగలిగిన నోరు మూతపడింది. హవల్లీలో మా గదికి శుక్రవారం సాయంత్రం టీకి వచ్చేవాళ్లు ఐదుగురు, ఇప్పుడు నలుగురు. మన తెలుగు సంఘం ఏ వేడుక చేసినా బయట ఎండలో నిలబడి కార్లు సర్దే మనిషి ఇక లేడు.

ఇవన్నీ కూడాక ఇంకొకటి మిగిలింది. అది రోడ్డు మీద పోలేదు, తర్వాత మన నోళ్లలో పోయింది. సంతాప సభలో ఒక పెద్దమనిషి లేచి, పాపం మంచి మనసుతోనే, ఇలా అన్నారు. "అందరికీ చెప్పేవోరండి. ఆఖరికి ఆయనే లైటెట్టుకోలేదు, కోన్లెట్టుకోలేదు. ఏం చేస్తాం, రాత." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను రెండో వరుసలో కూర్చుని విన్నాను. లేచి చెప్పవలసిన మాట నా దగ్గర ఉంది. లేవలేదు. ఇప్పుడు మన సంఘం పత్రికలో రాస్తున్నది ఆ మాటే. పీరా భాయ్ జీవితమంతా చెప్పిన ఒక్క సంగతిని చివరికి తానే తప్పాడన్న అపవాదు ఆయన పేరు మీద ఉండకూడదు.

ఆయన తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. పీరా గారిది రాయచోటి దగ్గర పల్లె. ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంటికి డ్రైవరుగా వచ్చారు. వీసా ఇచ్చిన ఆ యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, మంచివాడు కావడంతో కొన్నేళ్లకు ఆ ఇంటి నుంచి విడుదల పుచ్చుకుని, అహ్మదీ వైపు ఒక గ్యారేజీలో చేరారు. అక్కడ రికవరీ బండి ఆయన చేతికి వచ్చింది. రోడ్డు మీద ఆగిపోయిన కార్లను వీపు మీద ఎక్కించుకుపోయే పొడవాటి లారీ, నెత్తి మీద గుండ్రంగా తిరిగే పసుప్పచ్చ లైటు. ఆ లైటు వల్లనే మనవాళ్లు ఆయనకు తిరిగే లైటు పీరా అని పేరు పెట్టారు. ఆయన దానికి నొచ్చుకోలేదు. "నెత్తిన లైటు ఉన్నోడు దేవుడికి కూడా తొందరగా కనపడతాడులే," అనేవారు.

నాకు ఆయన పరిచయమైంది ఆరో రింగు రోడ్డు మీద. అప్పట్లో నాకొక పాత కారు ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం రేడియేటరు ఆవిరి కక్కి ఆగిపోయింది. అరగంటకు రికవరీ బండి వచ్చింది. తెలుగు మొహంలా కనపడితే సంతోషంగా ఎదురు వెళ్లబోయాను. ఆయన కిటికీలోంచే చెయ్యి అడ్డం పెట్టి, "ముందు ఆ రెయిలింగు అవతలికి పో సామీ, సలాములు తర్వాత," అన్నారు. బండిని నా కారు వెనక, బాగా ఎడం వదిలి ఆపారు. దాని ముందు చక్రాలను రోడ్డు అంచు వైపుకి పూర్తిగా తిప్పి పెట్టారు. రోడ్డు మీద హెచ్చరికగా నిలబెట్టే కోన్లు చంకన పెట్టుకుని, వచ్చే కార్ల వైపే చూస్తూ వెనక్కు నడిచి, ఒక్కొక్కటే దింపుకుంటూ పోయారు. ఇదంతా అయ్యాక నా దగ్గరకొచ్చి, గుండె మీద చెయ్యి పెట్టి సలాం చెప్పారు. చక్రాలు ఎందుకు తిప్పారని అడిగాను. "ఎవడన్నా వెనక నుంచి గుద్దినాడనుకో, నా బండి పక్కకు పోవల్ల గాని నీ కారు మీదికి, మన మీదికి రాకూడదు. రోడ్డు మీద దున్నపోతును నమ్మచ్చు సామీ, మనిషిని నమ్మకూడదు."

నేను చదువుకున్నవాణ్ని కాను. కోనసీమలో పదో తరగతి తప్పి, కొబ్బరి దింపుల దగ్గర కాయలు లెక్కపెడుతూ లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు హవల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణానికి స్టోరు చూస్తాను. ఆ రోజు రికవరీ బండిలో ఆయన పక్కన కూర్చుని, నోరు ఊరుకోక, ఒక లెక్క చెప్పాను. గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు నిమిషానికి రెండు కిలోమీటర్లు, అంటే సెకనుకు ముప్పై మూడు మీటర్లు పోతుంది. ఆయన అద్దంలో వెనకొచ్చే కార్లను చూశారు. తర్వాత అడిగారు. "నేను ఒక నట్టు విప్పేదానికి పది సెకన్లు వేసుకో. అంతలోకి?" మూడు వందల ముప్పై మీటర్లన్నాను. "అంటే నట్టు పట్టుకునేటప్పుడు ఆ కారు నా కంటికి కూడా ఆనదు. విప్పేసరికి నా నెత్తిమీద ఉంటాది." మర్నాటి నుంచి ఆయన కోన్లు పెట్టే దూరం పెరిగింది. గ్యారేజీలో అందరికీ ఆ లెక్క ఒప్పజెప్పారు. నన్ను లెక్కల సామీ అని పిలవడం అప్పుడే మొదలైంది. నా లెక్క ఒక మనిషి చేతిలో పనికొచ్చిన మొదటి సందర్భం అది. ఆ గర్వం నాకు చాలా ఏళ్లు ఉంది.

పీరా భాయ్ సిద్ధాంతం చిన్నది. ఆగి ఉన్న బండి మీద లైటు తిరుగుతుంటే దాని పక్కనున్న వరుస ఖాళీగా వదిలేసి అవతలి వరుసలోకి పోవాలి. పక్కకు పోయే వీలు లేకపోతే వేగం తగ్గించుకుని పోవాలి. అది పోలీసు బండైనా, అంబులెన్సైనా, చెత్త ఎత్తే లారీ అయినా సరే. కొన్ని దేశాల్లో ఇది చట్టమేనని ఎవరో కస్టమరు ఆయనకు చెప్పాడట. మరి ఇక్కడ ఉందో లేదో చూసి పెట్టమని నన్ను అడిగారు. నేను డ్రైవింగు పరీక్ష పుస్తకం తెచ్చి, వచ్చీరాని ఇంగ్లీషుతో కూడబలుక్కుని చదివాను. సైరను మోగించుకుంటూ వచ్చే బండికి దారి ఇవ్వమన్న మాట దొరికింది. ఆగి నిలబడ్డవాడి గురించి నాకు ఏమీ కనపడలేదు. నాకు కనపడనంత మాత్రాన చట్టంలో లేదని చెప్పలేను, నేను వకీలును కాను. ఆయనతో ఆ మాటే అన్నాను. "సరేలే, ఉరికే బండికి సైరనుండాది. నిలబడినోనికి నోరు ల్యా. లైటే వాని నోరు," అన్నారు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నారు. లైటు తిరగనిదే రోడ్డు మీద పానా పట్టుకోరు. ఒకసారి లైటు బల్బు పోతే కస్టమరు అరుస్తున్నా వినకుండా, గ్యారేజీ నుంచి రెండో బండి వచ్చేదాకా రెయిలింగు అవతల అతని పక్కనే నిలబడి, మంచినీళ్లు ఇచ్చి మాటల్లో పెట్టారట.

ఒక కువైటీ కుర్రవాడి సంగతి ఆయనే చెప్పి నవ్వేవారు. వాడు పెద్ద కారులో దూసుకొచ్చి, కోన్లలో ఒకదాన్ని ఎగరగొట్టి, కొంత దూరం పోయి ఆగి, వెనక్కి వచ్చి తగాదా వేసుకున్నాడు. తన కారుకు గీత పడిందట. పీరా భాయ్ అరబ్బీలో చెప్పింది మాకు తెలుగులో ఇలా చెప్పేవారు. "నాయనా, మీ యమ్మ నీ కోసం ఎదురుచూస్తాంటాది. మా ఇంటామె నా కోసం ఎదురుచూస్తాంటాది. నడుమ నువ్వు ఒక్క వరుస వదిలినావనుకో, ఇద్దరాడోళ్లూ నెమ్మదిగా అన్నం తింటారు." కుర్రవాడు ఇక చాలన్నట్టు ఖలాస్, ఖలాస్ అంటూ పోయాడు. పోతూ పోతూ అవతలి వరుసలోకి జరిగి మరీ పోయాడు. "లైసెన్సు నేనిచ్చినట్టే వానికి," అని ముగించేవారు.

నిరుడు ఉగాదికి ఆయన వేదిక మీద ఐదు నిమిషాలు అడిగారు. పిల్లల నాట్యానికీ క్విజ్ పోటీకీ మధ్య ఇచ్చాం. ఆ ఒక్క వరుస సంగతే చెప్పారు, మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని. చాలామంది వినలేదు. మన వంటల పెద్ద వీర్రాజు, నా చిన్ననాటి స్నేహితుడు, మైకు అందుకుని అన్నాడు. "పీరా భాయ్ చెప్పారు కాబట్టి భోజనాల కాడ కూడా ఒక వరుస ఒగ్గెయ్యండి బాబూ. నా నెత్తి మీద లైటు లేదు గానండి, చేతిలో గరిటుంది." హాలంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది పీరా భాయే. దిగి వచ్చి నా పక్కన కూర్చుని, "నవ్వినా పర్వాల్యా సామీ. నవ్వినోడికి గుర్తుంటాది," అన్నారు.

ఇక ఈ ఉగాది. మంగఫ్‌లో మనం అద్దెకు తీసుకున్న హాల్లో మూడు వందల నలభై మందికి భోజనాలు. కూపన్ల లెక్క ఎప్పటిలాగే నాది. కూపన్లు, సంఘం బ్యానరు, పాయసం గిన్నెలు కారులో వేసుకుని హవల్లీ నుంచి బయలుదేరాను. ఎగైలా దగ్గరకు వచ్చేసరికి వెనక ఎడమ టైరు పగిలింది. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడి వైపున నడుస్తాయి కాబట్టి కుడి అంచుకు తీసుకుని ఆపాను. నట్లు ఐదింటిలో నాలుగు కదిలాయి, ఒకటి పానా వేస్తే జారిపోతోంది. పీరా భాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన పొద్దున్నే వచ్చి హాలు ముందు కార్లు సర్దుతున్నారు.

"యాడుండావు సామీ?"

"ఎగైలా కాడండి. ఎనక టైరు పగిలిపోయింది. నట్టొకటి రావట్లేదు."

"ఏ పక్క?"

"ఎడమ పక్క."

"రోడ్డు తట్టుదా. నువ్వు ముట్టుకోవద్దు, రెయిలింగు దాటి నిలబడు. నేను గ్యారేజీ యార్డుకు పోయి బండి ఎత్తకొస్తా. ఫోర్‌మన్‌తో ఒక మాట చెప్తే తాళాలిస్తాడు. ఇరవై ఐదు నిమిషాలు ఎక్కువ పడతాది, అంతే."

"ఒక నట్టుకి బండెందుకండి భాయ్. వీర్రాజు కారేసుకుని వచ్చెయ్యండి. కూపన్లన్నీ నా కాడే ఉండిపోయాయి. జనం వచ్చేత్తన్నారు."

"లైటు లేకుండా నేను రోడ్డు మీద పని చెయ్యను. నీకు తెలుసు గదా."

"ఒక్కసారికి ఏమవుద్దండి. ఐదు నిమిషాల పని. మనోరని కదా మీకు చేశాను, లేపోతే వేరే సర్వీసోళ్లకే చేసేద్దును."

వెనక ఎవరో హారను కొడుతున్నారు. "సరే, వస్తాండా," అన్నారు.

ఆ మనోరు అన్న మాట గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఈ దేశంలో మనకు ఏది కావలసి వచ్చినా ముందు మనవాడు ఎవరున్నారని చూస్తాం. ఏసీ చెడితే మనవాడు, ఇక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కాగితం ఆలస్యమైతే ఆఫీసులో మనవాడు, కారు ఆగితే మనవాడు. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే వాళ్లు బండితో, లైటుతో, కోన్లతో వస్తారు. మనవాడు ఉన్నపళంగా, సెలవు రోజున, చేతులు ఊపుకుంటూ రావాలి. రాకపోతే మనవాడు కాకుండా పోతాడు. ఇది మనకు ఆప్యాయతలాగే కనిపిస్తుంది. పీరా భాయ్ తన నియమాన్ని ఏ అరుపుకూ వదలలేదు, ఏ కస్టమరుకూ వదలలేదు. నేను ఆ మాటతో కొట్టాను కాబట్టి వదిలారు.

వచ్చి ఆయన ఏం చేశారో చూసినవాణ్ని నేనొక్కణ్నే. వీర్రాజు కారును నా కారు వెనక ఎడంగా ఆపారు. హజార్డు లైట్లు వేశారు. ముందు చక్రాలు అంచు వైపుకి తిప్పి పెట్టారు. "డిక్కీలో పసుప్పచ్చదో ఎర్రదో గుడ్డ ఏమన్నా ఉండాదా?" అని అడిగితే సంఘం బ్యానరు తీసిచ్చాను. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరాల ఉగాది శుభాకాంక్షలు. వీర్రాజు కారు డిక్కీ ఎత్తి, వచ్చేవాళ్లకు కనపడేలా దాని మీద కప్పారు. "పండగ కూడా మనకు కాపలా కాస్తాంది చూడు," అని నవ్వారు. నన్ను రెయిలింగు దాటించి, ఇంకా ముందుకు పొమ్మన్నారు. నాలుగు నట్లు విప్పి తెచ్చి నా చేతిలో పోశారు. "లెక్కగా పెట్టుకో సామీ, ఒకటి పోయినా నాకు మళ్లీ పని." ఐదో నట్టు కోసం వెనక్కి వెళ్లి, రోడ్డు వైపు కూర్చున్నారు.

పికప్పు ట్రక్కు ఒకటి ఆ పక్క వరుసలోనే వచ్చింది. వీర్రాజు కారు వెనక మూలను గుద్ది రాసుకుపోయింది. చక్రాలు తిప్పి ఉండడం వల్ల ఆ కారు రెయిలింగు వైపుకి పోయి ఆగింది. పికప్పు ఆగలేదు. అంతకు మించి రాయను. నడిపినవాడు ఏ దేశంవాడో కూడా రాయను, అతనికీ ఎక్కడో ఒక ఇల్లుంటుంది. తిరిగే లైటు ఏదీ కనపడలేదని అతను పోలీసులకు చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. అంబులెన్సు వచ్చి ఆగింది. దాని లైట్లు తిరుగుతుంటే, అప్పుడు కార్లన్నీ ఒక వరుస వదిలి నెమ్మదిగా పోయాయి. నేను రెయిలింగు అవతలే, నట్లు పట్టుకుని నిలబడి ఉన్నాను. పోలీసు వచ్చి నా వేళ్లు విప్పదీసేదాకా అవి నా గుప్పిట్లోనే ఉన్నాయి.

ఆయన భౌతికకాయాన్ని రాయచోటికి పంపిన తర్వాత మహబూబ్ బీ గారు నాకు ఫోన్ చేశారు. ఏడుపు అయిపోయిన గొంతు.

"అన్నా, మా ఆయన లైటు పెట్టుకోల్యాదంట గదా. ఈడికి వచ్చినోళ్లంతా అదే అంటాండారు. ఆయన అట్ల చేసేటోడు కాదన్నా. ఇంట్లో సైకిలు బాగు చేస్తాన్నా పిల్లోళ్లను దూరంగా కూచోబెట్టేటోడు. నువ్వు పక్కనే ఉంటివంట గదా. నువ్వు చెప్పు."

"ఆయన తప్పేం లేదమ్మా," అన్నాను.

"మరి ఎవరిదన్నా?"

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. చివరికి ఆమే, నన్ను ఓదార్చాలనుకున్నారో ఏమో, "నువ్వు అన్నం తింటాండావా అన్నా?" అని అడిగి పెట్టేశారు. మరి ఎవరిదని ఆమె అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఈ సంచిక అచ్చయిన రోజే ఒక ప్రతి రాయచోటికి పంపుతున్నాను. వాళ్ల పెద్దమ్మాయి తెలుగు బాగా చదువుతుంది. తల్లికి గట్టిగా చదివి వినిపించమని పైన చీటీ పెడుతున్నాను. అమ్మా, మీ ఆయన లైటు తెస్తానన్నారు. వద్దన్నది నేను.

వీర్రాజుకు ముందే చెప్పాను. వాడు "ఒరే సూరీ, మైకట్టుకుని ఎక్కిరించింది నేను కదరా," అన్నాడు. వాడి పాపం వాడు రాసుకుంటాడు. నాది నేను రాస్తున్నాను. ఆ రోజు వండిన భోజనం ఎవరూ తినలేదు. మూడు వందల నలభై కూపన్లూ కట్టలు కట్టలుగా నా దగ్గరే ఉండిపోయాయి. నేను ఎవరిని ఆలస్యం చెయ్యకూడదని తొందరపెట్టానో వాళ్లెవరూ, నేను ఆలస్యంగా వస్తే నన్ను ఒక్క మాట కూడా అనేవాళ్లు కాదు.

ఇలాంటి వ్యాసాల చివర ఆ లోటు తీరనిది అంటారు. నాకు ఆ మాట వాడే అర్హత ఉందో లేదో తెలియదు. రోడ్డు మీద నిలబడి పనిచేసే వేల మందిలో, నిలబడడానికి కూడా ఒక ధర్మం ఉందని తెలుసుకుని, దాన్ని మనలాంటి పరుగెత్తేవాళ్లకు నేర్పాలని చూసిన మనిషి పీరా భాయ్. అలాంటివాణ్ని నేను మళ్లీ చూడను. ఆయన తన నియమం తప్పలేదు. స్నేహితుడి చేతిలో దాన్ని పోగొట్టుకున్నారు. మీరు ఎవరితోనైనా ఆయన గురించి మాట్లాడితే ఇలాగే చెప్పండి, నా పేరు పెట్టి చెప్పండి.

ఇన్నేళ్ల స్నేహంలో పీరా భాయ్ నన్ను ఏదీ అడగలేదు. ఒక్కసారి అడిగారు. నేను ఇవ్వలేదు, ఇక ఇవ్వడానికి మనిషి లేడు. హుసేన్ పీరా గారికి నేను ఈ రోజుకీ ఉన్న బాకీ ఇరవై ఐదు నిమిషాలు.